రాత్రి పదకొండు దాటాక శంషాబాద్‌కి ఎలా పోవాలి?

సంపాదకుల వారికి,

నమస్కారం. ఎయిర్‌పోర్ట్ మెట్రో గురించి పేపర్లో వార్త వచ్చిన రోజు కొత్తపేటలో మా వాకింగ్ బ్యాచ్‌కి ఇంకో ముచ్చట ఉండదు. మొత్తం ఏడుగురం, అందరం రిటైరైనవాళ్లమే. అయిదుగురి పిల్లలు దేశం బయటే ఉన్నారు. ఏడాదికి ఒకసారైనా ఎవరినో ఒకరిని ఎక్కించడానికో దించుకోవడానికో శంషాబాద్ పోవాల్సిందే. మొన్న కూడా ఆ లొల్లే మొదలైంది. "మెట్రో ఒక్కటి పడనీయండి, పుష్పక్ బస్సు ఎక్కేవాడే ఉండడు" అన్నారు మాలో బ్యాంకు మేనేజర్‌గా చేసిన ఆయన. పుష్పక్ అంటే ఎయిర్‌పోర్ట్‌కి ఆర్టీసీ నడిపే బస్సు. నేను ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. ఎండ ముదిరి అందరూ ఇళ్లకు పోయారు గానీ వాదన తెగలేదు. నా వంతు మిగిలింది మీకు రాస్తున్నాను.

ముందే ఒప్పుకుంటాను. నేను ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్లు కండక్టర్‌గా చేశాను. సికింద్రాబాద్ నుంచి జూపార్కు పోయే 7జడ్ డబుల్ డెక్కర్‌లో పైఅంతస్తు మెట్లు రోజుకు ఎన్నిసార్లు ఎక్కి దిగానో నా మోకాళ్లకే తెలుసు. ఈయన బస్సు తరఫునే మాట్లాడతాడులే అనుకుంటారేమో. ఇంకో సంగతి కూడా చెప్తాను, అప్పుడు అనుకోండి. ఇప్పుడు అనుకుంటున్న మెట్రో దారి నాగోల్ నుంచి ఎల్బీ నగర్, కర్మన్‌ఘాట్, చాంద్రాయణగుట్ట, మైలార్‌దేవ్‌పల్లి మీదుగా ఎయిర్‌పోర్ట్‌కి, 36.8 కిలోమీటర్లు. ఎల్బీ నగర్ మా ఇంటికి ఆటోలో పది నిమిషాలు. ఆ లైను పడితే సిటీలో ముందు సుఖపడే ఇళ్లల్లో మాదీ ఒకటి. అయినా మేనేజర్ గారి మాట నాకు ఎక్కలేదు. ఎందుకో చెప్పాలంటే ఒక రాత్రి సంగతి చెప్పాలి.

రెండేళ్ల కిందట నేనూ మా ఇంటామె బిడ్డ దగ్గరికి ప్రయాణమయ్యాం. బిడ్డ, అల్లుడు స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరోలో ఉంటారు. ఫ్లైట్ తెల్లవారుజామున నాలుగింటి ప్రాంతంలో. ఎయిర్‌లైన్ వాళ్లు మూడు గంటల ముందు రమ్మంటారు, మా ఇంటామె లెక్కలో అది నాలుగు గంటలు. రాత్రి పదిన్నరకు క్యాబ్ బుక్ చేశాం. డ్రైవర్ ఫోన్ చేసి "ఎయిర్‌పోర్టా? క్యాషా, ఆన్‌లైనా?" అని అడిగాడు. ఆన్‌లైన్ అన్నాను. క్యాన్సిల్. రెండోవాడి బండి బొమ్మ మా గల్లీ మొదట్లోకి వచ్చి, పది నిమిషాలు కదలకుండా ఉండి, ఫోన్‌లోంచి మాయమైపోయింది. ఏ కంపెనీ అని అడక్కండి, మీకూ ఎప్పుడో జరిగే ఉంటుంది. నాలుగు సూట్‌కేసులు గేటు ముందు వరసగా నిలబడ్డాయి. మా ఇంటామె అరుగు మీద కూర్చుని, లోపల ఆవకాయ డబ్బా కారిందేమోనని అయిదు నిమిషాలకోసారి ఎర్ర సూట్‌కేసు అడుగు తడిమి చెయ్యి వాసన చూసుకుంటోంది. నాకు టెన్షన్. ఇన్నేళ్లు ఊరందరినీ టైముకు చేర్చి, నా ప్రయాణం అనేసరికి నడిరోడ్డు మీద నిలబడ్డాను కదా అని.

చివరికి పక్కింటి అబ్బాయి తన ట్రాలీ ఆటోలో సామానంతా వేసి, మమ్మల్నీ దాంట్లోనే ఎక్కించుకుని ఎల్బీ నగర్‌లో దింపాడు. అప్పటికి పదకొండు దాటింది. పైన మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర షట్టర్ వేసేశారు. కింద కాసేపటికి పుష్పక్ వచ్చింది. లోపల సామాన్లు పెట్టుకునే స్టాండు ఉంది. కండక్టర్ తమ్ముడు రెండు పెట్టెలు తనే ఎత్తి పెట్టాడు. నన్ను చూడగానే మనవాడే అని ఎలా కనిపెట్టాడో గానీ, "అన్నా, ఏ డిపో?" అని అడిగాడు. మా ఇంటామె మాత్రం టికెట్ చూసి మొహం ముడుచుకుంది. మామూలు సిటీ బస్సుల్లో ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్, ఇందులో ఎందుకు లేదని ఆమె ఫిర్యాదు. పుష్పక్‌కి ఆ స్కీము లేదని చెప్పాను. చాంద్రాయణగుట్ట దాటేదాకా నాతో మాట్లాడలేదు.

మా ముందు సీట్లో ఒక కుర్రాడు. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. మోకాళ్ల మధ్య ఒక అట్టపెట్టె. పచ్చ నైలాన్ తాడు నిలువునా అడ్డంగా గళ్లు గళ్లుగా బిగించి కట్టి ఉంది. పైన నీలం మార్కర్‌తో పేరు, ఫోన్ నంబరు, కింద ఇంకా పెద్ద అక్షరాలతో దమ్మామ్. స్టాండులో పెట్టుకోమంటే పెట్టలేదు. నిమిషానికోసారి చొక్కా జేబు తడుముకుంటున్నాడు, పాస్‌పోర్ట్ ఉందా లేదా అని. నావైపు తిరిగి, "కాకా, ఈ బస్సు లోపలిదాకా పోతదా, బయటనే ఆపుతరా?" అన్నాడు. టర్మినల్ దాకా పోతుంది, ఫికర్ చెయ్యకు అన్నాను. జగిత్యాల దగ్గర ఒక ఊరు అట. పొద్దున బస్సెక్కి సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్‌లో, అదే జేబీఎస్‌లో దిగాడు, ఉప్పల్‌లో మేనమామ ఇంట్లో అన్నం తిని బయల్దేరాడు. విమానం ఎక్కడం అదే మొదలు. ఎయిర్‌పోర్ట్‌లో దిగాక పెట్టె భుజాన వేసుకుని, బోర్డులన్నీ తలెత్తి చదువుకుంటూ నడిచిపోయాడు. పెట్టె ట్రాలీ మీద పెట్టుకోవచ్చని చెప్పేలోపే జనంలో కలిసిపోయాడు.

మెట్రో లెక్కలు వేసే వాళ్లు ఈ కుర్రాణ్ణి మధ్యలో పెట్టుకుని ఒకసారి ఆలోచించాలని నా మనవి. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్ పోయేవాళ్లు ఎంతమంది ఇలా పోతుంటారో జేబీఎస్‌లో సాయంత్రం ఒక గంట నిలబడితే తెలుస్తుంది. గల్ఫ్ విమానాలు చాలామటుకు అర్ధరాత్రి నుంచి తెల్లారేలోపు లేస్తాయి. మన మెట్రో పొద్దున ఆరింటికి మొదలై రాత్రి పదకొండు ప్రాంతంలో ఆగుతుంది. అంటే తాడు కట్టిన అట్టపెట్టెలు రోడ్డెక్కే వేళకు మెట్రో షట్టర్ దించేస్తుంది. ఎయిర్‌పోర్ట్ లైనుకు వేరే టైమింగ్స్ పెడతారా? పెడితే సంతోషం. కానీ పట్టాలు, కరెంటు తీగలు, సిగ్నళ్లు ఎప్పుడో ఒకప్పుడు చూసుకోవాలి కదా, ఆ పనంతా రైళ్లు ఆగిన ఆ నాలుగైదు గంటల్లోనే చేస్తారు. ఇరవై నాలుగు గంటలూ తిప్పడం అంత తేలిక కాదు.

ఇక ఎడిన్‌బరో. ఈ ఉత్తరం రాయడానికి సగం కారణం అదే, ఎందుకంటే ఆ ఊళ్లో ఎయిర్‌పోర్ట్‌కి ట్రామూ ఉంది, బస్సూ ఉంది. ట్రాం అంటే మన పిల్లలకు తెలియకపోవచ్చు. మద్రాసులో 1953 దాకా నడిచింది, కలకత్తాలో ఇంకా ఉంది. మన హైదరాబాద్‌కి ఎప్పుడూ రాలేదు. రోడ్డులోనే పట్టాలు వేసి, పైన కరెంటు తీగతో నడిపే చిన్న రైలు అనుకోండి. మా బిడ్డ ఇల్లు హేమార్కెట్ అనే చోటికి దగ్గర. ట్రామూ అక్కడ ఆగుతుంది, ఎయిర్‌లింక్ 100 అనే బస్సూ అక్కడ ఆగుతుంది. ఎక్కే చోటు ఒకటే, దిగే చోటు ఒకటే. పోటీ పెట్టడానికి ఇంతకంటే ఏం కావాలి?

దిగిన రోజు మధ్యాహ్నం ట్రాంలో వెళ్లాం. నిజం చెప్పాలి, ముచ్చటేసింది. మెట్టనేదే లేదు. ప్లాట్‌ఫాం, ట్రాం లోపలి నేల ఒకే ఎత్తులో ఉంటాయి. సూట్‌కేసు చక్రాల మీద దొర్లుకుంటూ అదే లోపలికి పోయింది, నేను ఉత్తగా పట్టుకున్నాను. ఒక్కో ట్రాం నలభై రెండు మీటర్లు పైచిలుకు, మన సిటీ బస్సులు మూడు వెనకా ముందూ నిలబెడితే ఎంతో అంతకంటే ఎక్కువ. పైగా దాంట్లో యూనిఫాం వేసుకుని టికెట్లు చూసే మనిషి ఉన్నాడు! నా నౌకరీ వాడు సముద్రాలు దాటాక కనిపిస్తాడని అనుకోలేదు. దగ్గరికి రాగానే నేనే ముందు టికెట్ తీసి చూపించాను, మా ఇంటామె నవ్వింది. బస్సులో కండక్టర్ లేడు, డ్రైవరే టికెట్ ఇస్తాడు. ఆ లెక్కన నా ఓటు ట్రాంకే పడాలి.

సమయం చూశాను. అలవాటు పోదు కదా, ఎక్కగానే ఒకసారి, దిగగానే ఒకసారి వాచీ చూసుకుంటాను. ట్రాంకి అరగంటకు కాస్త తక్కువ పట్టింది. తర్వాత బస్సులో వెళ్లినప్పుడు ఇంకో మూడు నాలుగు నిమిషాలు తగ్గింది. హేమార్కెట్ దాకా ట్రాంకి సొంత దారి ఉంటుంది, ట్రాఫిక్‌లో ఇరుక్కోదు. కానీ ఆఫీసులు, షాపింగ్ సెంటర్ ఉన్న వైపు చుట్టు తిరిగి పోతుంది. బస్సు తిన్నగా పోతుంది. టికెట్ కూడా బస్సుకే తక్కువ. ఊళ్లో ఎక్కడికైనా ఉండే ట్రాం చార్జీకీ ఎయిర్‌పోర్ట్ స్టాపు చార్జీకీ మూడింతల పైన తేడా. ఆ ఒక్క స్టాపు కోసమే! ముందు స్టాపు దాకా ఊరి చార్జీయే, అందుకని సామాను లేనివాళ్లు కొందరు అక్కడే దిగి నడిచిపోతారని అల్లుడు చెప్పాడు. మన దగ్గర స్టేజీ తప్పించి ఎక్కేవాళ్లు గుర్తొచ్చారు. లోకమంతా ఒకటే.

అసలు పరీక్ష తర్వాత వచ్చింది. లండన్ చూపిస్తానని బిడ్డ పొద్దున ఆరింటి ఫ్లైట్‌కి టికెట్లు తీసుకుంది. ఇంట్లోంచి మూడున్నరకు బయటపడాలి. ఆ వేళకు మొదటి ట్రాం ఇంకా బయల్దేరదు. బయట సన్నటి చినుకు, చెవులు కోసేసే గాలి. స్టాపు దగ్గర లైటు కింద మాతో పాటు ఇంకో నలుగురు. మెడలో ఐడీ కార్డులు, చేతిలో కాఫీ కప్పులు, ఎయిర్‌పోర్ట్‌లో పనిచేసేవాళ్లే అయ్యుంటారు. బస్సు రాత్రంతా నడుస్తుందట. చెప్పిన టైముకే వచ్చింది, డబుల్ డెక్కర్. మా ఇంటామె వద్దంటున్నా వినకుండా పైకెక్కి ముందు సీట్లో కూర్చున్నాను. నా 7జడ్ పోయిన ఇన్నేళ్లకు మళ్లీ పై నుంచి రోడ్డు చూశాను. అది వేరే సంగతి.

పగలు ట్రాంలో హాయిగా ఉంది, ఒప్పుకుంటాను. చేర్చాల్సిన వేళకు చేర్చింది మాత్రం బస్సే. ఆ ఊరివాళ్ల తెలివి నాకు ఎక్కడ కనిపించిందంటే, ట్రాం వచ్చింది కదా అని ఎయిర్‌పోర్ట్ బస్సును ఎత్తేయలేదు. రెండిట్లోనూ అక్కడి సిటీ కౌన్సిల్‌దే చెయ్యి. ట్రాం తనది, బస్సు కంపెనీలోనూ పెద్ద వాటా తనదే. కాబట్టి ఒకదాన్ని బతికించడానికి ఇంకోదాన్ని చంపాల్సిన పని లేకపోయింది.

అలాగని వాళ్ల ట్రాం కథ అంతా సాఫీగా నడిచిందనుకోకండి. మొదట 37.5 కోట్ల పౌండ్లు చాలన్నారు. చివరికి 77.6 కోట్లయ్యాయి, అది కూడా అనుకున్నదాంట్లో ఒక ముక్క కోసేసిన లైనుకి. 2011లో రావాల్సింది 2014 మే 31న వచ్చింది. ఊళ్లోకెల్లా ముఖ్యమైన ప్రిన్సెస్ స్ట్రీట్‌ని తవ్వి, పట్టాలు వేసి, మళ్లీ తవ్వారు. ఇంత ఆలస్యం ఎందుకయిందో తేల్చమని 2014లో విచారణ వేస్తే, ఆ నివేదిక 2023లో వచ్చింది. ఆలస్యం మీద విచారణకే తొమ్మిదేళ్లు! ఇది చెప్పినప్పుడు మా బ్యాచ్ అంతా పగలబడి నవ్వింది, మేనేజర్ గారితో సహా.

మనం తక్కువ తిన్నామా? హైదరాబాద్ మెట్రోకి 2010లో ఒప్పందం కుదిరితే మొదటి రైలు 2017 నవంబర్‌లో కదిలింది. జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ (ఇమ్లీబన్ బస్టాండు) దాకా 2020 ఫిబ్రవరిలో వచ్చింది. ఆ లైను అసలు ఫలక్‌నుమా దాకా పోవాలి, ఎంజీబీఎస్‌లోనే ఆగిపోయింది. ఎయిర్‌పోర్ట్ మెట్రోకి 2022 డిసెంబర్ 9న రాయదుర్గంలో శంకుస్థాపన చేశారు. 31 కిలోమీటర్లు, 6,250 కోట్లు అన్నారు. ప్రభుత్వం మారింది, ఆ దారి పోయింది. ఇప్పుడు నాగోల్ దారి అంటున్నారు. నిజం చెప్పాలంటే కొత్త దారే నాకు న్యాయంగా తోస్తుంది. పాతబస్తీని పక్కనపెట్టి ఎయిర్‌పోర్ట్‌కి రైలు వేయడమేమిటని అప్పుడూ అనుకున్నాను. కానీ తట్టలో మట్టి ఎత్తి, స్తంభాలు లేచి, రైలు నడిచేసరికి నా వయసు ఎంతవుతుందో వేళ్ల మీద లెక్కపెట్టుకుని ఊరుకున్నాను.

దారి ఏదైనా ఒక చిక్కు మాత్రం పోదు. రైలుకి ఒకే దారి ఉంటుంది. రాయదుర్గం నుంచి వేస్తే ఉప్పల్ వాడికి దూరం, నాగోల్ నుంచి వేస్తే మియాపూర్ వాడికి దూరం. మియాపూర్‌లో ఉండే మనిషి మెట్రోలోనే ఎయిర్‌పోర్ట్‌కి పోవాలంటే ఊరంతా అడ్డంగా దాటి ఎల్బీ నగర్ రావాలి, అదే 29 కిలోమీటర్లు. అక్కడ దిగి, సూట్‌కేసు లాక్కుంటూ లైను మారి, ఇంకో పాతిక ముప్పై కిలోమీటర్లు పోవాలి. అదే మనిషి జేఎన్‌టీయూ దగ్గర పుష్పక్ ఎక్కితే గచ్చిబౌలి మీదుగా ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుని నేరుగా దిగుతాడు. మెహదీపట్నం నుంచి వచ్చేవాడికి 2009లో కట్టిన పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఉండనే ఉంది. పదకొండున్నర కిలోమీటర్లు, ఆరాంఘర్ దాకా ఒక్క సిగ్నల్ లేదు. ఇవాళ రాత్రి అనుకుంటే రేపు పొద్దున్నుంచి బస్సు దారి మార్చొచ్చు. కాంక్రీటు స్తంభాన్ని ఎవరు జరుపుతారు?

బస్సుకి లోపాలు లేవని అనను. వాన పడిన సాయంత్రం ఎల్బీ నగర్ నుంచి చాంద్రాయణగుట్ట దాటేసరికి దేవుడు కనిపిస్తాడు. అలాంటప్పుడు మెట్రో ఉంటే రాజాలా పోవచ్చు. పైన పోయేవాడికి కింద నీళ్లు నిలిచినా, బారాత్ అడ్డొచ్చినా ఒకటే. ఇంట్లో నలుగురు కలిసి పోతుంటే నలుగురి బస్సు టికెట్లకు ఇంకొంచెం కలిపితే క్యాబే వస్తుంది, అదీ నిజమే, వస్తే! ఇంకో మాట కూడా. విమానం ఎక్కేవాడు ఏడాదికి ఒకటి రెండుసార్లు పోతాడు. అక్కడ ఊడ్చేవాళ్లు, సామాను ఎక్కించేవాళ్లు, సెక్యూరిటీ వాళ్లు రోజూ పోతారు. పుష్పక్ టికెట్ వాళ్ల జీతానికి ఆనదు. సిటీ బస్సులో శంషాబాద్ దాకా పోయి అక్కడి నుంచి షేర్ ఆటో ఎక్కేవాళ్లు చాలామంది. ఎయిర్‌పోర్ట్ మెట్రో నిజంగా పడితే రోజువారీ మేలు వీళ్లదే, చార్జీ వీళ్లను చూసి పెడితే. ఎడిన్‌బరో ట్రాంలా ఆఖరి స్టాపుకి మూడింతలు పెట్టారంటే వీళ్లు మళ్లీ షేర్ ఆటోలోనే.

సామాను సంగతి మాత్రం ఇంజనీర్లకు గట్టిగా చెప్పాలి. ఊరి పేరు ఎందుకు గానీ, ఒక మెట్రో స్టేషన్‌లో లిఫ్ట్ దగ్గర "మరమ్మతులో ఉంది" అని కాగితం అంటించి ఉంటే, పాతిక కిలోల సూట్‌కేసుతో ఎస్కలేటర్ ఎక్కాను. పై మెట్టు దగ్గర చక్రం ఇరుక్కుంది. వెనక నుంచి జనం తోసుకొస్తున్నారు. ఎవరో పిల్ల చటుక్కున వంగి పెట్టె ఎత్తకపోతే నేను బోర్లా పడేవాణ్ణి. ఆమె పేరు కూడా అడగలేదు. ఆరోజు ఎడిన్‌బరో ట్రాం నేల గుర్తొచ్చింది. ఎల్బీ నగర్‌లో ఇప్పుడున్న స్టేషన్ నుంచి ఎయిర్‌పోర్ట్ లైనుకి ఎన్ని మెట్లు, ఎన్ని మలుపులు అన్నది డ్రాయింగ్ దశలోనే చూసుకోవాలి. రైలు ఎన్ని నిమిషాల్లో చేరుతుందని ఊరికే ఊదరగొడతారు. పెట్టె పట్టుకున్న ముసలివాడు ఒక ప్లాట్‌ఫాం నుంచి ఇంకోదానికి ఎన్ని నిమిషాల్లో చేరతాడో ఎవరైనా నడిచి చూశారా? నన్ను పిలవండి, వస్తాను. రెండు సూట్‌కేసులు కూడా నావే తెచ్చుకుంటాను.

అంతదాకా ఆగక్కర్లేని పనులు కొన్ని ఉన్నాయి. బెంగళూరులో 2008లో కొత్త ఎయిర్‌పోర్ట్ తెరిచినప్పటి నుంచి ఏళ్ల తరబడి ఆ ఊరిని మోసింది వాయువజ్ర అనే ఎయిర్‌పోర్ట్ బస్సులే. మనకూ అదే ఏడాది మార్చిలో శంషాబాద్ మొదలైంది. అంతకు ముందు బేగంపేటలో ఎయిర్‌పోర్ట్ ఉన్నప్పుడు సిటీ బస్సు దిగి రోడ్డు దాటితే సరిపోయేది. నేనే ఎంతమందిని దింపానో. "ఎయిర్‌పోర్ట్, ఎయిర్‌పోర్ట్" అని అరిస్తే సూట్‌కేసు నెత్తిన పెట్టుకుని దిగేవాళ్లు. ఇప్పుడు ఊరికి అంత దూరం పోయింది కాబట్టి రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా పుష్పక్‌లు పగటికంటే దగ్గర దగ్గరగా నడవాలి. డ్యూటీ చార్ట్ వేసేవాళ్లకు ఇది తలకిందులుగా కనిపిస్తుందని నాకు తెలుసు, రాత్రి ఓఆర్, అంటే సీట్లు నిండే లెక్క, పడిపోతుందని భయం. కానీ ఎయిర్‌పోర్ట్‌కి రాత్రే పగలు. కరీంనగర్ వైపు బస్సులు జేబీఎస్‌లో దిగే టైముకు ఎదురుగా ఎయిర్‌పోర్ట్ బస్సు కనపడాలి. ఎంఎంటీఎస్ లోకల్ రైలు 2023 ఏప్రిల్‌లో ఉందానగర్ దాకా వచ్చింది, అంటే శంషాబాద్ గుమ్మం దాకా వచ్చి ఆగింది. అక్కడ రైలు దిగినవాడికి టర్మినల్ బోర్డు పెట్టుకున్న బస్సు సిద్ధంగా ఉంటే పోయేదేముంది? ఎంజీబీఎస్‌లో ఆగిన మెట్రో లైనును పాతబస్తీ మీదుగా చాంద్రాయణగుట్ట దాకా పొడిగిస్తే జేబీఎస్ నుంచి ఒక్కసారి మారితే చాలు, ఆ జగిత్యాల కుర్రాడి తమ్ముడు అలా పోతాడేమో. పగలైతే.

మెట్రో వచ్చిన రోజు దాని పక్కనే పోయే పుష్పక్‌లను ఎత్తేస్తామని ఎవరైనా అంటే మాత్రం ఢిల్లీ సంగతి గుర్తుచేయండి. అక్కడ ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ లైను 2011 ఫిబ్రవరిలో మొదలైంది. లోపాలు బయటపడి 2012 జులైలో మూసేశారు. మళ్లీ తెరిచింది 2013 జనవరిలో. ఆ ఆరు నెలలూ విమానాలు ఆగలేదు కదా.

మేనేజర్ గారితో ఇదంతా చెప్పాను. ఆయన విని, "అసలు రాత్రిళ్లు పుష్పక్ ఉంటుందని నాకు తెలియనే తెలియదండీ" అన్నారు. ఇంతసేపు వాదించింది ఆయనే! తక్కిన వాళ్లను అడిగాను. ఏడుగురిలో ముగ్గురికి ఎల్బీ నగర్‌లో అది ఎక్కడ ఆగుతుందో తెలియదు. ఒకాయన అది విమానం టికెట్ ఉన్నవాళ్లకే అనుకుంటున్నారు, ఎయిర్‌పోర్ట్‌కి కొడుకును దించుకోడానికి పోవాలంటే ఎక్కనివ్వరేమోనని.

అందుకే మీకు ఒక విన్నపం. సిటీ పేజీలో బంగారం ధర వేస్తారు, సినిమా టైమింగ్స్ వేస్తారు. ఆ మూలనే నాలుగు వేళ్ల వెడల్పు చోటు ఇచ్చి ఎయిర్‌పోర్ట్ బస్సులు ఎక్కడ ఎక్కాలి, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఏ ఏ టైములో ఉంటాయి అన్నది వారానికి ఒక్కసారైనా వేయండి. డిసెంబర్‌లో మా బిడ్డ పిల్లలతో వస్తోంది, ఫ్లైట్ రాత్రి రెండింటికి దిగుతుంది. మా ఇంటామె ఇప్పట్నుంచే క్యాబ్ గురించి అడుగుతోంది. నేను ఆ పేపర్ ముక్క కత్తిరించి ఫ్రిజ్ మీద అంటిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్,
కొత్తపేట, హైదరాబాద్.